నెల్లూరులో దిగి, డచ్చివాళ్ల పులికాట్ చూసి రావడం ఎలా

చలికాలం వచ్చిందంటే మా ఇంటికి చుట్టాలు మొదలవుతారు. హైదరాబాదు నుంచి పిన్ని పిల్లలు, బెంగళూరు నుంచి తమ్ముడి ఆఫీసు స్నేహితులు, ఒక్కోసారి వాళ్ల స్నేహితులు కూడా. శనివారం రంగనాయకుల గుడి, పెన్న ఒడ్డు అయ్యేసరికి సాయంత్రం కాఫీ దగ్గర ఒకటే ప్రశ్న: "రేపెక్కడికి పోదాం?" మైపాడు బీచ్ అందరూ చూసేస్తున్నారు. అందుకే ఆరేడేళ్లుగా మా ఇంట్లో దానికి జవాబు పులికాట్.

పులికాట్ ఊరు నెల్లూరు జిల్లాలో లేదు. తమిళనాడు తిరువళ్ళూరు జిల్లాలో, పులికాట్ సరస్సు దక్షిణపు కొసన ఉంది. కానీ ఆ సరస్సు నీళ్లలో ఎక్కువ భాగం ఆంధ్ర వైపే. దాన్ని ప్రళయకావేరి అని పిలిచే పల్లెలు మన వైపు ఇప్పటికీ ఉన్నాయి. అందుకే నెల్లూరువాళ్లకి అది పరాయి ఊరు అనిపించదు.

మీకు నెల్లూరులో చుట్టాలో స్నేహితులో ఉండి, శని ఆదివారాలు వాళ్లింట్లో దిగి ఈ ఊరు చూద్దామనుకుంటే, నేను చూపించి, కొన్నిసార్లు తప్పులు చేసి నేర్చుకున్నది చెప్తాను.

బయల్దేరే ముందు

నెల ముఖ్యం. అక్టోబరు చివర నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్ల భయం. ఏప్రిల్, మే నెలల్లో అక్కడి డచ్చి సమాధుల రాళ్ల మీద చెయ్యి పెట్టలేరు. డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, రాజహంసలు కూడా అప్పుడే ఉంటాయి. సంక్రాంతి మూడు రోజులు మాత్రం వద్దు. ఆ జనంలో ఏమీ కనిపించదు.

ఆదివారం మీతో రావడానికి వీలవుతుందో లేదో ఇంటివాళ్లని ముందే అడగండి. మనవాళ్లు మొహమాటానికి "దానికేముంది, పోదాం" అనేస్తారు, తర్వాత పెళ్లి భోజనం మానుకుని మీతో వస్తారు. "మీకు వీలుకాకపోతే మేమే వెళ్లొస్తాం, దారి చెప్పండి చాలు" అనే మాట మీ నోటి నుంచి వస్తే వాళ్లకీ సుఖం.

మీరు ఏం తింటారో, ఏం తినరో ఫోన్లోనే చెప్పేయండి. చేపలు తినని మనిషి వచ్చాడని శనివారం రాత్రి ఎనిమిదింటికి తెలిస్తే ఆ ఇంట్లో ఎంత టెన్షనో నాకు తెలుసు. అప్పటికే బొమ్మిడాయిలు కడిగి, ఉప్పు పసుపు రాసి ఉంటాయి.

చేతిలో ఏదో ఒకటి తీసుకురావాలి కదా. నెల్లూరుకి మాత్రం మలైకాజా తేకండి, అది ఈ ఊరి మిఠాయే. నవ్వరు గానీ, మీరు వెళ్లాక నవ్వుతారు. మీ ఊరిది ఏదైనా తేండి. గోదావరి వైపు నుంచి వస్తే పూతరేకులు, ఒంగోలు మీదుగా వస్తే మైసూరుపాకం. అదీ కుదరకపోతే పళ్లు. పిల్లలున్న ఇంటికి చాక్లెట్ల డబ్బా కంటే బొమ్మల పుస్తకం మంచిదని నా అభిప్రాయం, వాళ్ల అమ్మలూ అదే అంటారు.

శనివారం: తిరగడం తక్కువ, వినడం ఎక్కువ

శనివారం ఊరు మరీ ఎక్కువ తిరగొద్దు. పొద్దున నెయ్యి కారం దోశ, తర్వాత రంగనాయకుల గుడి, సాయంత్రం పెన్న మీద ఆనకట్ట వైపు. ఇక్కడ మొదటి ఆనకట్ట 1855 నాటిది, ఆర్థర్ కాటన్ పథకం. చాలు. మధ్యాహ్నం పడుకోండి, మర్నాడు చీకటితోనే లేవాలి.

సాయంత్రం వంటింట్లో పులుసు తయారవుతుంటే ఓ పక్కన కూర్చోండి. మా పెద్దమ్మ మట్టిచట్టిలో చింతపండు పులుసు మరిగించి, మామిడికాయ దొరికిన రోజుల్లో ముక్కలు వేసి, చివర్న చేపలు జారవిడుస్తుంది. ఆ తర్వాత గరిటె పెట్టనివ్వదు, చట్టిని రెండు చేతులా పట్టుకుని ఊపుతుంది, అంతే. "ఇది ఈ పూటకి కాదబ్బయా, రేపటికి" అంటుంది. నిజమే, నెల్లూరు చేపల పులుసు మర్నాటికే రుచి. రాత్రికి కొంచెం తిని, మిగతాది ఆదివారం రాత్రికి ఉంచమనండి. పులికాట్ నుంచి అలిసిపోయి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

రాత్రి భోజనాలయ్యాక చరిత్ర కాస్త చెప్పుకోండి. అక్కడికి వెళ్లాక ఎండలో ఎవరూ వినరు. నేను చెప్పేది ఇంతే.

డచ్చివాళ్లు, అంటే హాలండువాళ్లు, మన తీరానికి వచ్చింది గుడ్డ కోసం. వాళ్లకి కావలసిన లవంగాలు, జాజికాయ ఇండోనేషియా దీవుల్లో ఉన్నాయి. ఆ దీవులవాళ్లు మసాలా దినుసులకి బదులుగా మన కోరమండల్ తీరపు రంగు గుడ్డలు అడిగేవాళ్లు. అంటే లవంగం కావాలంటే ముందు మన నేతగాళ్ల దగ్గరికి రావాలన్నమాట. అందుకని 1610లో విజయనగర రాజు వేంకటపతిరాయల దగ్గర అనుమతి తెచ్చుకుని పులికాట్‌లో దుకాణం తెరిచారు. అప్పటికే తీరంలో పాతుకుపోయిన పోర్చుగీసువాళ్లు 1612లో వచ్చి దాన్ని ధ్వంసం చేశారు. 1613లో కోట లేచింది, పేరు గెల్‌డ్రియా. అక్కడి డచ్చి అధికారి సొంత రాష్ట్రం గెల్డర్‌లాండ్ మీద పెట్టిన పేరు. 1690లో నాగపట్నానికి మారేదాకా ఈ తీరం మొత్తానికి వాళ్ల రాజధాని ఇదే. నాణేలు ముద్రించారు, తుపాకి మందు తయారు చేశారు. కరువు రోజుల్లో మనుషుల్ని కొని బానిసలుగా బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, ఓడల్లో పంపారు కూడా. పిల్లలు వింటున్నారని ఈ ముక్క దాటేయకండి.

మా నెల్లూరువాళ్లు ఇంకోటి కలుపుతారు. డచ్చివాళ్ల పక్కన నిలదొక్కుకోలేని ఇంగ్లీషువాళ్లు 1626లో కాస్త ఉత్తరంగా దుగరాజపట్నం దగ్గర స్థావరం పెట్టుకున్నారు. వాళ్ల కాగితాల్లో దాని పేరు ఆర్మగాన్. అక్కడ పెద్ద అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే అనే ఆయనే 1639లో దక్షిణానికి పోయి మద్రాసు స్థలం సంపాదించాడు. మద్రాసు పుట్టకముందు అడ్రసు మన తీరంలో ఉండేదని మా బాబాయి ప్రతి చుట్టానికీ చెప్తాడు. మీకూ చెప్తాడు. మొదటిసారి విన్నట్టే వినండి.

ఆదివారం పొద్దున: దారి

కారులో అయితే జాతీయ రహదారి 16 పట్టుకుని గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ, గుమ్మిడిపూండి మీదుగా పొన్నేరి వైపు తిరగాలి. మధ్యలో టీతో కలిపి మూడు గంటలు వేసుకోండి. సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడి దగ్గర ఆగడం మా ఇంటి ఆనవాయితీ. ఆ గుడికి తలుపులు మూయరు, కాబట్టి ఎంత పొద్దున వెళ్లినా పరవాలేదు.

రైల్లో అయితే చెన్నై వైపు పోయే బండి. ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు పొన్నేరిలో ఆగవు, అందుకని సూళ్లూరుపేటలో దిగి చెన్నై లోకల్ ఎక్కడం ఒక పద్ధతి. తడ, ఆరంబాకం, గుమ్మిడిపూండి, కవరైపేట దాటితే పొన్నేరి. ఆదివారం లోకల్ బళ్లు తక్కువ, ముందురోజు రాత్రే టైములు చూసుకోండి. పొన్నేరి బస్టాండు నుంచి ఊరికి బస్సులుంటాయి, సుమారు ఇరవై కిలోమీటర్లు. అక్కడ "పులికాట్" అని అడిగితే మొహం చూస్తారు. "పళవేర్కాడు" అనండి. బోర్డు మీద కూడా ఆ పేరే, తమిళంలో. తమిళం రాకపోయినా కంగారు లేదు, ఆ చుట్టుపక్కల తెలుగు అర్థమయ్యేవాళ్లు ఎక్కడో ఒకచోట దొరుకుతారు.

సంచిలో పెట్టుకోవలసినవి: మనిషికి రెండు సీసాల నీళ్లు, గొడుగు, మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం. ఊళ్లో పెద్ద హోటళ్లు ఉంటాయని ఆశపడొద్దు. చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. ఆ ఊళ్లో తుమ్మముల్లు ఎవరినీ వదలదు.

ముందు సమాధులు, తర్వాతే సరస్సు

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, నేనూ చేశాను. మొదటిసారి మా వదినావాళ్లని తీసుకెళ్లినప్పుడు అందరూ "ముందు నీళ్లు" అన్నారని సరస్సు దగ్గరికి పోయాం. అక్కడ పిల్లలు కదల్లేదు. సమాధుల దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంట. గేటుకి తాళం, కాపలా మనిషి భోజనానికి వెళ్లాడు. గేటు బయట, నీడలేని చోట, ఎనిమిది మంది పులిహోర తింటూ నిలబడ్డాం. మా వదిన ఇప్పటికీ ఆ ఫోటో చూపించి "మీ చారిత్రక యాత్ర" అంటుంది.

కాబట్టి తొమ్మిది, తొమ్మిదిన్నరకల్లా డచ్చి శ్మశానం దగ్గరుండండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. ద్వారం దగ్గరే ఆగిపోతారు. అటూ ఇటూ రెండు స్తంభాలు, వాటి మీద రాతిలో చెక్కిన అస్థిపంజరాలు. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. పిల్లలు మొదట భయపడతారు, రెండు నిమిషాలకి వాటిలాగే నిలబడి ఫోటోలు దిగుతారు.

లోపల గోపురాల్లాంటి కట్టడాలు, సూదిగా లేచిన స్తంభాలు కనిపిస్తాయి. వాటి వెంట పడకండి. నేల మీద పరిచిన పెద్ద రాతి పలకల దగ్గర కూర్చోండి, ఊరు అక్కడుంది. అక్షరాలు లోపలికి చెక్కినవి కావు, చుట్టూ రాయి తీసేసి అక్షరాన్ని పైకి నిలబెట్టారు. ఎండ ఏటవాలుగా పడే పొద్దునపూట ఒక్కో అక్షరానికీ చిన్న నీడ పడుతుంది, అప్పుడే చదవడం సులువు. మధ్యాహ్నం అన్నీ కలిసిపోతాయి. పొద్దున్నే రమ్మనడానికి ఇదీ ఒక కారణం.

డచ్చి రాకపోయినా చదవొచ్చు. పలక పైభాగంలో "హీర్ లైట్ బెఖ్రావెన్" అన్న ధోరణిలో మాటలుంటే, ఇక్కడ ఖననమై ఉన్నారు అని. తర్వాత పేరు, ఉద్యోగం. "ఆన్నో" అన్న మాట వెతకండి, దాని పక్కనున్న అంకె సంవత్సరం. ఆ తర్వాత ఓ, యు, డి అక్షరాలతో మొదలయ్యే చిన్న మాట ఉంటుంది, "ఔట్", అంటే వయసు. దాని పక్కన అంకె, ఆ తర్వాత జె అక్షరంతో మొదలయ్యే "యారెన్", అంటే ఏళ్లు. కొన్నిటి మీద నెలలు, రోజులు కూడా లెక్కపెట్టి రాశారు. ఇంటివాళ్ల పిల్లలకి ఈ మూడు మాటలు నేర్పి వదిలేయండి. ఓ అరగంట మీ జోలికి రారు, ఎవరు ఎన్నేళ్లకి పోయారో వాళ్లే వచ్చి చెప్తారు. పోయినేడు మా మేనకోడలు ఒక పలక దగ్గర కూర్చుని వేళ్లు మడిచి లెక్కపెట్టి, "అత్తా, ఈమె నీకంటే చిన్నది" అంది. నేను మాట్లాడలేదు.

పలకల మీద కాళ్లు పెట్టనివ్వకండి. అక్షరాలు బాగా పడాలని సుద్దముక్కతో రుద్దేవాళ్లని చూశాను, అదీ వద్దు. సీసాలో నీళ్లు కొంచెం చిలకరిస్తే చాలు, అక్షరం తేలుతుంది.

ఇక్కడ నాకు బాగా ఇష్టమైన కథ ఒకటి చెప్పాలి. 1632 నుంచి 1642 దాకా ఈ ఊళ్లో అబ్రహాం రోజర్ అనే డచ్చి పాస్టరు ఉండేవాడు. పద్మనాభుడనే బ్రాహ్మణుడు చెప్తూంటే మన ఆచారాలు, పండుగలు, దేవుళ్ల కథలు రాసుకున్నాడు. వాటితో పాటు భర్తృహరి సుభాషితాలు సుమారు రెండు వందలు డచ్చిలోకి వచ్చాయి. ఆయన పోయాక, 1651లో లైడెన్‌లో అచ్చయింది ఆ పుస్తకం. భర్తృహరి యూరపు భాషల్లోకి వెళ్లింది అదే మొదలు. మనం బడిలో "తివిరి ఇసుమున" అని బట్టీపట్టిన పద్యానికి మూలమైన ఆ భర్తృహరి, ఈ ఉప్పుగాలి ఊరి నుంచి ఓడెక్కాడు. మా బాబాయి ఆర్మగాన్ కథకి నేను పోటీగా చెప్పేది ఇది.

కోట ఎక్కడ?

ప్రతి అతిథీ అడుగుతాడు. కోట దాదాపు లేదు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనే పడగొట్టేశారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చేసరికి మిగిలింది తక్కువ. ఇప్పుడు కనిపించేది ముళ్లపొదలు, మట్టిదిబ్బలు, అగడ్త ఆనవాలు. పది నిమిషాలు గట్టు మీద నిలబడి, ఆ చదరపు ఆకారాన్ని కళ్లతో గీసుకుని వచ్చేయండి. పొదల్లోకి దూరొద్దు, పాములుంటాయని ఊళ్లోవాళ్లే చెప్తారు. కోట కోసమే వచ్చినవాళ్లు నిరాశపడి వెళ్తారు, అందుకే ముందురోజు రాత్రే ఈ మాట చెప్పేస్తాను.

అక్కడి నుంచి ఆదినారాయణ పెరుమాళ్ గుడికి నడవండి. ఎర్రటి జంబిట్టి రాయి వాడకం, వేలెడంత బొమ్మల్లో చెక్కిన రామాయణం. ఆ బొమ్మలు కనిపించాలంటే కళ్లజోడు పెట్టుకున్న పెద్దవాళ్ల కంటే పిల్లలే నయం. మసీదుల వైపు వీధుల్లో తమిళ ముస్లిం కుటుంబాలుంటాయి, అక్కడి ఆడవాళ్లు తాటాకుతో బుట్టలు, పెట్టెలు అల్లుతారు. కొనదలిస్తే ఇక్కడ కొనండి, బేరం మరీ లాగకండి. ఇళ్ల వరండాల ఫోటోలు తీసేముందు ఒక మాట అడగండి.

మరో సంగతి. మలేషియాలో మగవాళ్లు కట్టే గళ్ల లుంగీని "కయిన్ పెలికాట్" అంటారు. ఆ పెలికాట్ ఈ పులికాటే. ఇంటి పెద్దాయన లుంగీ కట్టుకుని కాఫీ తాగుతుంటే ఈ ముక్క చెప్పి చూడండి, సంతోషిస్తాడు.

నీళ్ల దగ్గర

సరస్సు, వంతెన, అవతల లైట్‌హౌస్, ఇంకా అవతల సముద్రం. నాలుగు తర్వాత ఎండ తగ్గాక బాగుంటుంది గానీ, తిరిగి నెల్లూరు రావాలి కాబట్టి రెండున్నరకల్లా చూసి బయల్దేరాలి.

పడవ సంగతి గట్టిగానే చెప్తాను. ఒడ్డున ఎవరో ఒకరు వచ్చి "పోదామా" అని అడుగుతారు. 2011 డిసెంబరు 25న ఇక్కడ షికారు పడవ బోల్తా పడి 22 మంది పోయారు. లైఫ్ జాకెట్ లేకుండా, అనుమతి లేని పడవలో ఎక్కొద్దు. ఇంటివాళ్లు మీ మొహం చూసి "సరే, ఒక్క రౌండ్" అన్నా మీరే వద్దనండి. అతిథి వద్దంటే అక్కడితో ఆగుతుంది. పడవ మోజు తీరాలంటే ఇంకోసారి తడ దగ్గర భీములవారిపాళెం వెళ్లొచ్చు. సరస్సు ముఖద్వారం దగ్గర సముద్రంలో దిగడం కూడా అంతే ప్రమాదం, అక్కడ నీటి లాగుడు ఎక్కువ.

డబ్బులు, మొహమాటాలు

ఇంట్లో ఉన్న రెండు రోజులకీ డబ్బు మాట ఎత్తొద్దు, పరువు తక్కువగా అనుకుంటారు. దారిలో మాత్రం వెనకాడొద్దు. పెట్రోలు బంకు దగ్గర బావగారు పర్సు తీసేలోపు మీ ఫోను స్కానర్ ముందుండాలి. ఆటో, టీలు, పిల్లల ఐస్‌క్రీములు మీవే. హోటల్లో బిల్లు కోసం ఇద్దరూ లాక్కోవడం ఎలాగూ తప్పదు, ఒకసారి ఓడిపోండి, ఒకసారి గెలవండి.

బయల్దేరేటప్పుడు పెద్దమ్మ బొట్టు పెట్టి రవికగుడ్డ ఇస్తే వద్దనకండి. మగవాళ్లకి తువ్వాలో చొక్కాగుడ్డో వస్తుంది, అదీ తీసుకోవాలి. ఆవకాయ సీసా ఇస్తే మాత్రం మూత మీరే మరోసారి బిగించుకోండి.

ఇక ఎండు రొయ్యలు. పులికాట్ ఒడ్డున తప్పకుండా కొనాలనిపిస్తుంది, కొనండి. గుప్పెడు చేతిలోకి తీసుకుని నలిపి చూడండి, పొడిగా విరగాలి, తడి తగలకూడదు. కట్టేటప్పుడు ఒక కవరు చాలదు. కవరులో కవరు, దాని మీద పాత పేపరు, ఆ పైన స్టీలు డబ్బా. మా తమ్ముడి స్నేహితుడొకడు ఒక్క కవరుతో ఏసీ బోగీ ఎక్కాడు. కావలి దాటకముందే పక్క బెర్తు పెద్దావిడ లేచి, "నాయనా, ఎవరిది ఈ సంచి?" అందట. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, విజయవాడ దాకా.